వీసా రిఫ్యూజ్ అయితే ముందు ఆ లెటర్ మీ చేతికి తెచ్చుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

స్టూడెంట్ వీసా రిఫ్యూజ్ అయిన పిల్లల దగ్గర కొన్ని కన్సల్టెన్సీలు అప్పీల్ పేరు చెప్పి డబ్బులు గుంజుతున్నాయి, దాని గురించే ఈ ఉత్తరం, దయచేసి వేయండి.

మా అక్క బిడ్డ యూకేలో మాస్టర్స్‌కి అప్లై చేసింది. సీటొచ్చింది, క్యాస్ (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ కన్ఫర్మేషన్) వచ్చింది, మా బావ అప్పో సప్పో చేసి అకౌంట్లో డబ్బులు 28 రోజులు కదపకుండా ఉంచాడు, అయినా రిఫ్యూజ్ చేశారు. కన్సల్టెన్సీ వాళ్ళు వాట్సాప్‌లో సగం పేజీ స్క్రీన్‌షాట్ పెట్టి, అప్పీల్‌కి వెళ్దాం, లండన్‌లో మా లాయర్ ఉన్నాడు, అరవై వేలు కట్టండి అన్నారు. లెటర్ మొత్తం పంపమంటే రేపు మాపు అంటారు, ఎందుకంటే అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ వాళ్ళది, పాస్‌వర్డ్ కూడా వాళ్ళ దగ్గరే. వెళ్ళి కూర్చుని తెప్పించుకుని చదివితే సంగతి ఏంటంటే, డబ్బులు తండ్రి అకౌంట్లో ఉన్నాయి, ఈమె ఆయన కూతురు అనడానికి బర్త్ సర్టిఫికెట్ పెట్టలేదు అని రాశారు. మేం పెట్టాం! అప్‌లోడ్ చేసిన కాపీ మా దగ్గర ఉంది. ఆ లెటర్లోనే కింద, 28 రోజుల్లోపు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే ఆ నిర్ణయాన్ని వీసా ఆఫీసువాళ్ళే మళ్ళీ చూడమని, అడగొచ్చు అని ఉంది. దాని ఫీజు 80 పౌండ్లు, మన లెక్కలో పది వేలకి అటూ ఇటూ, ఆన్‌లైన్‌లో పిల్లలే నింపుకోవచ్చు, లాయర్ ఉండాలని రూలేం లేదు.

అయితే ఈ రివ్యూ అందరికీ పనికిరాదు, అది కూడా చెప్పాలి. ఆఫీసర్ వైపు పొరపాటు ఉంటేనే పని చేస్తుంది. మనమే ఏదైనా కాగితం పెట్టడం మర్చిపోయి ఇప్పుడు పెడతామంటే మామూలుగా చూడరు, దానికి మళ్ళీ కొత్తగా అప్లై చేసుకోవడమే. రివ్యూ నడుస్తుండగా కొత్త అప్లికేషన్ వేస్తే రివ్యూ పోతుంది. జవాబు రావడానికి నెలలు కూడా పట్టొచ్చు, కాబట్టి ముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి సీటు తర్వాతి ఇంటేక్‌కి (తర్వాతి అడ్మిషన్ల బ్యాచ్‌కి) మారుస్తారా అని అడగాలి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. యూకే వీసాకి హెల్త్ సర్‌చార్జ్ అని, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం, స్టూడెంట్స్ దగ్గర ఏడాదికి 776 పౌండ్లు తీసుకుంటారు, ఒక ఏడాది మాస్టర్స్‌కి వీసా ఏడాది కంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి మొత్తం లక్ష రూపాయలు దాటుతుంది. వీసా ఫీజు ఎలాగూ రాదు, కానీ రిఫ్యూజ్ అయితే ఈ సర్‌చార్జ్ వెనక్కి ఇస్తారు. ఏ కార్డుతో కట్టామో ఆ కార్డుకే వస్తుంది. చాలామంది పిల్లలు కన్సల్టెన్సీకి క్యాష్ ఇచ్చి వాళ్ళ కార్డుతో కట్టిస్తారు, మరి ఆ డబ్బు ఎవరి అకౌంట్లో పడుతుంది? మేం అడిగేదాకా మాకు ఆ ముక్క చెప్పనే లేదు.

అమెరికా సంగతి వేరు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక 214(బీ) స్లిప్, అంటే చదువయ్యాక తిరిగొస్తారని నమ్మకం కుదరలేదని ఇచ్చే రిఫ్యూజల్, చేతిలో పెడితే దానిమీద అప్పీలే లేదు. కొత్త డీఎస్-160 (వీసా అప్లికేషన్ ఫారం) నింపి, 185 డాలర్లు మళ్ళీ కట్టి, మళ్ళీ స్లాట్ పట్టుకోవాలి అంతే. దానికి కూడా అప్పీల్ చేయిస్తాం అని డబ్బు అడిగేవాళ్ళు ఉన్నారంటే అది పచ్చి మోసం. 221(జీ) స్లిప్ అయితే అంతటితో అయిపోయినట్టు కాదు, వాళ్ళు అడిగిన కాగితాలు ఇచ్చి ఆగాలి. కెనడాకైతే అక్కడి ఫెడరల్ కోర్టుకి వెళ్ళొచ్చు, ఇక్కడ్నుంచి అప్లై చేసినవాళ్ళకి 60 రోజులు టైమ్, కోర్టు ఫీజు 50 కెనడా డాలర్లే గానీ లాయర్ ఖర్చు గట్టిగానే అవుతుంది, గెలిచినా వీసా చేతికి రాదు, ఇంకో ఆఫీసర్ ఫైల్ మళ్ళీ చూస్తాడు.

ఈ గడువులన్నీ మన పిల్లలకి తెలియకుండానే దాటిపోతున్నాయి, లెటర్ ఏజెంట్ మెయిల్‌లో ఉండిపోతుంది కాబట్టి. అప్లికేషన్ విద్యార్థి సొంత మెయిల్, సొంత ఫోన్ నంబర్‌తోనే పెట్టాలని, తీసుకున్న ప్రతి రూపాయికి రసీదు ఇవ్వాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కన్సల్టెన్సీలకి రూల్ పెట్టాలి. మీ చదువుల పేజీలో ఏ దేశానికి ఎంత గడువు, ఎంత ఫీజు అన్నది ఇంటేక్ ముందు ఒకసారి వేస్తే ఊళ్ళలో తల్లిదండ్రులు కత్తిరించి పెట్టుకుంటారు. మా పాప రివ్యూ తనే నింపి పంపింది, జవాబు ఇంకా రాలేదు. ఇప్పుడు రిఫ్యూజల్ వచ్చిన పిల్లలు మాత్రం ఇవాళే వెళ్ళి ఆ మెయిల్ పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఖమ్మం