హాల్లో కట్టిన మైక్రోస్కోపు

ఒరేయ్,

కాంతి మైక్రోస్కోపుకి ఒక హద్దుంటుందని మొన్న ఫోన్లో నేనంటే, అది దాటినందుకే కదా నోబెల్ ఇచ్చారు అని నా నోరు మూయించావు. అప్పుడు జవాబు తట్టలేదు, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ఆ హద్దు సంగతి 1873లో చెప్పినాయన ఎర్న్‌స్ట్ అబ్బే. నవ్వకు, నిజంగానే ఇంటిపేరు అబ్బే, చెప్పిందీ అదే: లెన్సు ఎంత గొప్పదైనా సుమారు 200 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటర్లో పది లక్షలో వంతు) కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనిపించవు, ఒకే మసక మచ్చ. కణంలో ప్రోటీన్లేమో ఎక్కువగా కొద్ది నానోమీటర్లవే, అంటే అసలు కథంతా ఆ మచ్చ లోపలే నడుస్తుంటుంది. ఇంకా చిన్నవి చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుందిగా అంటావు, కానీ దాని కింద కణం బతికుండదు.

నువ్వన్న ఆ నోబెల్ అందుకున్నవాళ్ళలో ఒకడు, ఎరిక్ బెట్జిగ్ గురించి చదివావా? అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ఏళ్ళు పనిచేసి, విసుగెత్తి మానేసి, 1995లో ఒక చిన్న పేపర్ రాసి పడేసి, మిషిగన్‌లో వాళ్ళ నాన్న మెషీన్ టూల్స్ కంపెనీలో చేరిపోయాడు. అక్కడ కిందామీదా పడి తయారుచేసిన కొత్త రకం యంత్రాలు అమ్ముడుపోయినవి రెండంటే రెండు!

ఆ పేపర్లో ఉన్నది చాలా తేలికైన ఆలోచన. అణువులన్నీ కలిసి వెలిగితే మచ్చే, కానీ వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడగలిగితే, మచ్చ మసకగా ఉన్నా దాని నడిమి బిందువు ఎక్కడో లెక్కకట్టొచ్చు. ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, ఎన్ని ఎక్కువ దొరికితే లెక్క అంత కచ్చితం. అయితే విడదీయడం ఎలా? దానికి పదేళ్ళు ఆగాల్సొచ్చింది. కాంతి తగిలితే వెలగడం మొదలుపెట్టే ఫ్లోరసెంట్ ప్రోటీన్లున్నాయని బెట్జిగ్‌కి 2005లో తెలిసింది. అప్పుడు ఉద్యోగం లేని తను, ఉద్యోగం లేని స్నేహితుడు హెరాల్డ్ హెస్, కాలిఫోర్నియాలోని లా హోయాలో హెస్ ఇంటి హాల్లోనే మైక్రోస్కోపు కట్టేశారు. ఒకేసారి కొన్ని అణువుల్నే వెలిగించు, చుక్కల చోటు రాసుకో, అవి ఆరిపోయాక మరికొన్ని. వేలసార్లు. 2006లో పేపరొచ్చింది, 2014లో నోబెల్.

కాబట్టి అబ్బే హద్దు ఇప్పటికీ అక్కడే ఉందిరా, వీళ్ళు దొడ్డిదారిన వెళ్ళారంతే! అదే నోబెల్ పంచుకున్న స్టెఫాన్ హెల్‌ది ఇంకో దారి, చుట్టూ ఉన్న వెలుగుని మరో లేజర్ వలయంతో ఆర్పేసి మధ్య చుక్క ఒక్కటే మిగుల్చుతాడు.

నాకు నచ్చిందేమిటంటే, మొదట్లో ఒక్కో బొమ్మకి గంటలు పట్టేది, కణాలూ చాలావరకు చచ్చినవే. అందుకని బెట్జిగ్ అక్కడే కూర్చోలేదు, నోబెల్ వచ్చిన ఏడాదే బతికున్న కణాల కదలికలు చూసే ల్యాటిస్ లైట్ షీట్ (పలచటి కాంతి పొరతో చూసే) పద్ధతి బయటపెట్టాడు. దాని వీడియోలు చూశాకే ఫోన్ చెయ్యి, లేకపోతే మళ్ళీ నాతో ఉత్త వాదనే పెట్టుకుంటావు.

నీ
నేనే