వరద మట్టంతో పాటు ఒండ్రు లెక్క కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఉత్తర ధ్రువం సముద్రం అడుగున మట్టి పేరుకోవడం గురించి రాశారు, బాగుంది, కాకపోతే పైనుంచి నెమ్మదిగా రాలి పడుతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు కథ అంతకంటే పెద్దదండి. సైబీరియాలో లీనా, ఓబ్ లాంటి నదులు తెచ్చే ఒండ్రులో చాలా భాగం ఒడ్డు పక్కనున్న లోతు లేని సముద్రంలోనే ఆగిపోద్ది. చలికాలం అక్కడ నీళ్ళు గడ్డ కట్టేటప్పుడు ఆ బురద కొంత ఐసులో ఇరుక్కుని, ఐసుతో పాటే సముద్రం నడిమధ్యకి కొట్టుకుపోయి, ఎక్కడ కరిగితే అక్కడ కింద పడిపోద్ది. ఐస్‌బర్గులైతే రాళ్ళు కూడా మోసుకొచ్చి పడేస్తాయి. ఇక నాలుగు వేల మీటర్ల లోతుండే బేసిన్లలోకి, అంటే సముద్రం అడుగున ఉండే పెద్ద గుంటల్లోకి, వాలు మీద ఆగున్న మట్టి ఒక్కోసారి ఉన్నపళంగా జారి బురద వరదలా దిగి అడుగంతా పరుచుకుంటది, అందుకే పొరలుపొరలుగా పడ్డ పాత మట్టి రికార్డు చెదరకుండా కావాలంటే బేసిన్‌లో కన్నా మధ్యలో గట్టులా లేచున్న లొమొనొసొవ్ రిడ్జ్ నయం. 2004లో సైంటిస్టులు అక్కడే తవ్వారు, డ్రిల్లింగ్ షిప్పుని ఐసు నెట్టెయ్యకుండా రెండు ఐస్‌బ్రేకర్లని కాపలా పెట్టుకుని మరీ సముద్రం అడుగు నుంచి కిందకి 428 మీటర్లు దిగారు. అక్కడ మట్టి పడేది సగటున వెయ్యేళ్ళకి సెంటీమీటరో రెండో, అదీ మధ్యలో కోట్ల ఏళ్ళ మట్టి పొరలు గల్లంతు.

ఇంకోటి మీరు వదిలేశారు, మా కోనసీమ రైతులకి పనికొచ్చేది అదే. ఆ మట్టిలో దొరికింది అజొల్లా, నీళ్ళ మీద తేలే చిన్న మొక్క అండి! మేం కొబ్బరి చెట్ల కింద టార్పాలిన్ పరిచి, నీళ్ళు పోసి, పేడ కలిపి పెంచి గేదెలకి దాణాలో పెట్టే అజొల్లాకి చుట్టమే, దాదాపు 4.9 కోట్ల ఏళ్ళ కిందట ఆర్కిటిక్ నీళ్ళ మీద పరుచుకుని ఉండేదంట. దానికి ఉప్పునీళ్ళు పడవు కదా, అంటే అప్పట్లో ఆ సముద్రం పై పొర మంచినీళ్ళతో ఉండేదన్నమాట.

సరే, నా గోల ఏంటంటే, మనిషి అడుగు పెట్టడమే కష్టమైన చోట మట్టిని సెంటీమీటర్ల లెక్కన కొలిచి చెప్తున్నారు, మన గోదావరి మట్టి మాత్రం మనకి ఎవరూ చెప్పరు. వరదొస్తే ధవళేశ్వరంలో 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక, ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు అని గంటగంటకీ వేస్తారు, ఆ ఎర్రనీళ్ళలో ఒండ్రు ఎంత పోయిందో ఒక్క లైను ఉండదు. ఆ ఒండ్రు లేకపోతే గోదావరి లంకలు లేవు, కోరంగి మడ అడవులు లేవు, కాకినాడ దగ్గర హోప్ ఐలాండూ లేదు. 2004లో వచ్చిన స్టడీ ఒకటి ఉంది, 1970ల్లో ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నులు వచ్చే ఒండ్రు 1990లకి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని, పైన డ్యాములు కట్టాక మట్టి అక్కడే ఆగిపోతుందని, అందుకే డెల్టా అంచు కోతకి గురవుతుందని. ఉప్పాడ బీచ్ రోడ్డు సముద్రం కోతకి ఎన్నిసార్లు పోయిందో మీరే ఫొటోలు వేశారు, ఉప్పాడకి వేరే కారణాలు కూడా ఉన్నాయి లెండి, అన్నీ డ్యాముల మీదకి నెట్టెయ్యట్లేదు. కానీ లెక్క చేతిలో లేకుండా రాళ్ళు పోయడం, అవి కొట్టుకుపోతే మళ్ళీ టెండర్లు పిలవడం, దీనికి అంతెక్కడ?

పోలవరం దగ్గర సెంట్రల్ వాటర్ కమిషన్ వాళ్ళు నీటిలో మట్టి కొలుస్తారు, కొత్తగా మెషీన్లు పెట్టక్కర్లేదు, ఆ అంకెలు అడిగి వరద మట్టం పక్కన వెయ్యడమే. ముందు ఏడాదికి ఎంతో, పదేళ్ళ కిందట ఎంతో వెయ్యండి, తర్వాత వరద వరదకీ వెయ్యొచ్చు. మొదటి పేజీ అక్కర్లేదు, జిల్లా పేజీలో కొబ్బరి రేట్ల కింద ఓ మూలన వేసినా మేం వెతుక్కుని చదువుకుంటాం.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు, అమలాపురం దగ్గర