కాశీ యాత్ర చివరి రోజు డ్రైవరును నిద్రపోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి కాశీ, ప్రయాగ, అయోధ్య, గయలకు టెంపో ట్రావెలర్లలో, మినీ బస్సుల్లో వెళ్లేవాళ్లు ఏటా ఉంటారు. ఆ బండ్లు నడిపేవాళ్లం కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాం. ఈ యాత్రలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇంటికి తిరిగొచ్చే రోజు. బండి మీద బరువు ఆ రోజే ఎక్కువ. టైర్లు, బ్రేకు ప్యాడ్లు ఆనాటికే బాగా అరిగి ఉంటాయి. డ్రైవరుకు రోజూ తగ్గుతూ వచ్చిన నిద్ర కూడా ఆనాటికి పేరుకుపోయి ఉంటుంది. మనవాళ్లు మాత్రం ఎక్కువ దూరం కూడా ఆ రోజుకే పెట్టుకుంటారు.

కిరాయి రోజుల లెక్కన ఉంటుంది. ఇంటికి చేరిన మరునాడే గంగపూజ, భోజనాలు అని చుట్టాలకు ముందే చెప్పేసి ఉంటారు. అందుకే కాశీలో ఎక్కితే ఇంటి దగ్గరే దించాలంటారు. రీవా, జబల్‌పూర్, సివనీ, నాగపూర్, ఆదిలాబాద్ మీదుగా జడ్చర్లకు 1,200 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గంటకు సగటున 50 కిలోమీటర్లు నడిచినా ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా పడుతుంది. ఒక్క డ్రైవరుతో అది కాని పని.

2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు కట్టడి చేసింది. దూర ప్రయాణాల్లో అనుమతి ఉంటే రోజుకు 10 గంటల దాకా నడపొచ్చని చెప్పింది. 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా చెప్పింది. కిరాయి మాట్లాడుకునేటప్పుడు ఈ గంటల గురించి అడిగేవాళ్లు లేరు. ఇద్దరు డ్రైవర్లను పెట్టామంటారు గానీ, కుదుపుల్లో ముందు సీట్లో కూర్చుని కునికితే అది నిద్ర కాదు. రెండోవాడికి కాళ్లు చాపుకునే చోటు ఇవ్వాలి.

తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా, మళ్లీ మధ్యాహ్నం అన్నం తిన్నాక, నిద్ర ముంచుకొస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప పడితే దాదాపు 90 మీటర్లు బండి ఎవరి చేతిలోనూ లేనట్టే. అద్దం దించినా, పాటలు పెంచినా ఆ నిద్ర ఆగదు. వరసగా ఆవలింతలు, లైను తప్పడం, దాటిన ఊరి పేరు గుర్తు లేకపోవడం కనిపిస్తే వెంటనే బండి ఆపించండి. టీ పనిచేయడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. టీ తాగి ఆ ఇరవై నిమిషాలు పడుకోనిస్తే కొంత తేరుకుంటాడు. కానీ రాత్రి నిద్ర బాకీ దాంతో తీరదు. నాగపూర్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ రాత్రి ఆగి, తెల్లవారాక బయలుదేరండి.

ఇక గంగాజలం డబ్బాలు. పద్నాలుగు మంది తలా రెండు 5 లీటర్ల డబ్బాలు తెస్తే 140 కిలోలు. చీరల మూటలు, ఇత్తడి సామాను దానికి అదనం. సీట్ల కింద పట్టవని అన్నీ టాప్ మీది క్యారియర్‌కు ఎక్కిస్తారు. పైన బరువు పెరిగితే మలుపులో బండి ఒరుగుతుంది, ఒక్కసారి స్టీరింగ్ తిప్పితే పల్టీ కొడుతుంది. నీళ్లు, ఇత్తడి కింద ఫ్లోరు మీద, రెండు ఇరుసుల మధ్య పెట్టి తాడుతో కట్టండి. నడిచే దారికి, తలుపుకు అడ్డం పెట్టొద్దు. పైన బట్టలే ఉండాలి. వీలైతే డబ్బాకు బదులు చిన్న చెంబు తెచ్చుకోండి. పూజకు అంతకన్నా అక్కర లేదు.

టైర్లలో గాలి పొద్దున బండి కదలకముందే, స్టెప్నీతో సహా చూడాలి. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. దాన్ని తగ్గిస్తే చల్లారాక గాలి చాలదు. గాలి తక్కువైన టైరు పక్కలు మడతపడి మరింత వేడెక్కి పేలుతుంది. ఆదిలాబాద్ దాటాక నిర్మల్ వైపు గుట్టల దిగుడులో డీజిల్ కోసం న్యూట్రల్ చేయొద్దు. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. ఎక్కేటప్పుడు వేసే గేరులోనే దిగాలి.

హైదరాబాద్‌లో మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌లో దిగితే ఊళ్లోని ట్రాఫిక్ తప్పుతుంది. షాద్‌నగర్ దాటగానే ఇంటికొచ్చినట్టే అని అందరూ ఏమరుపాటు పడతారు. బాలానగర్, రాజాపూర్ కూడళ్లలో అడ్డం వచ్చే బైకులు, వెనుక లైటు లేని ట్రాక్టర్లు ఉండేది అక్కడే. బండి ఆగిపోతే ఎడమ అంచుకు తీసి, యాభై మీటర్ల వెనుక రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టి, అందరినీ రెయిలింగ్ అవతలికి దించి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయాలి. రోడ్డు మీద బండి వెనుక ఎవరినీ నిలబడనివ్వొద్దు.

జాతీయ రహదారుల సంస్థకు మా విన్నపం ఒకటుంది. నాగపూర్–హైదరాబాద్ మధ్య టోల్ ప్లాజాల దగ్గర డ్రైవర్లు పడుకోవడానికి ఫ్యాను, మంచం, స్నానాల గది ఉన్న హాలు కట్టించండి. బండి పార్కింగుకు కాపలా కూడా ఉండాలి. కాపలా లేకపోతే డీజిల్, సామాను పోతాయన్న భయంతో డ్రైవరు కన్ను మూయలేడు.

— కొందరు టూరిస్టు బండ్ల డ్రైవర్లు, జడ్చర్ల