చీనీ (బత్తాయి) వేరుకుళ్ళు రిపోర్టుల్లో మా పొరపాటు, మార్చిన పరీక్ష పద్ధతి

జూన్ నుంచి మా ల్యాబులో చీనీ వేర్లు పరీక్ష చేయించుకున్న తాడిపత్రి, నార్పల, గార్లదిన్నె, పులివెందుల వైపు రైతులకు: "ఫ్యుజేరియం ఉంది, ఫైటోఫ్తొరా లేదు" అని మేమిచ్చిన రిపోర్టుల్లో రెండో మాటను లెక్కలోకి తీసుకోకండి. ఇవి రెండూ వేర్లను కుళ్లబెట్టే వేర్వేరు సూక్ష్మజీవులు. ఫైటోఫ్తొరా ఉన్నా దొరకని పద్ధతిలో పరీక్ష చేశాం. తప్పు మాది.

పీచువేర్లను పైనున్న క్రిములు చావడానికి 1 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఒక నిమిషం ముంచి, మూడుసార్లు కడిగి, మామూలు బంగాళాదుంప మీడియా (బూజును పెంచే జెల్లీ) మీద పెట్టాం. ఆకుమచ్చకూ, కంది ఎండుతెగులుకూ ఆ పద్ధతి సరిపోతుంది. సన్నటి పీచువేరులో మాత్రం ఆ ద్రావణం లోపలిదాకా దిగి ఫైటోఫ్తొరాను చంపేస్తుంది. ఎక్కడైనా మిగిలినా ఫ్యుజేరియం వేగంగా పెరిగి ప్లేటంతా కమ్మేస్తుంది.

ఇక్కడ రిపోర్టు తప్పితే మందూ తప్పుతుంది. కార్బెండజిమ్ ఫ్యుజేరియం మీద పనిచేస్తుంది గానీ ఫైటోఫ్తొరాను ఏమీ చేయలేదు. దానికి మెటలాక్సిల్, ఫోసెటైల్ అల్యూమినియం లాంటి మందులు కావాలి. మా రిపోర్టు చూసి పాదుల్లో కార్బెండజిమ్ ఒక్కటే పోసినవాళ్లు ముందుగా రండి.

ఇప్పుడు పీచువేర్లను కుళాయి నీటి ధార కింద అరగంట కడిగి, బ్లాటింగ్ కాగితంతో అద్ది, మందులు కలిపిన మొక్కజొన్న పిండి అగార్‌లో పెడుతున్నాం. లీటరుకు 17 గ్రాముల ఈ మొక్కజొన్న అగార్ పొడి, అందులో మిగతా బూజుల్నీ బ్యాక్టీరియానూ ఆపే పిమారిసిన్ 5, ఆంపిసిల్లిన్ 250, రిఫాంపిసిన్ 10, పీసీఎన్‌బీ 100 మిల్లీగ్రాములు. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) నుంచి తీసిన మీడియా 50 డిగ్రీలకు చల్లారాకే ఇవి కలపాలి. పిమారిసిన్ వెలుతురుకు పాడవుతుంది కాబట్టి ప్లేట్లు చీకట్లోనే ఉంటాయి.

దీనితోపాటు మట్టికి ఎర పరీక్ష చేస్తున్నాం. నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం. కప్పులో మట్టి వేసి, రెండింతలు నీళ్లు పోసి, మందు తగలని లేత చీనీ ఆకును చిన్న ముక్కలుగా కోసి తేలేస్తాం. మట్టిలో ఫైటోఫ్తొరా ఉంటే దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వచ్చి, కోసిన అంచును పట్టుకుంటాయి. రెండుమూడు రోజుల్లో ఆ అంచున నిమ్మకాయ ఆకారంలో, కొనమీద చిన్న బొడిపెతో బీజకోశాలు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. ఫైటోఫ్తొరా ఉందని ముందే తెలిసిన మట్టితో ప్రతిసారీ ఇంకో కప్పు పెడతాం. అందులో ఏమీ రాకపోతే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టేస్తాం.

నమూనా తెచ్చే పద్ధతి మీద చాలా ఆధారపడి ఉంటుంది. పూర్తిగా ఎండిన చెట్టు వేర్లు వద్దు, అందులో కుళ్ళు తిని బతికే బూజులే మిగులుతాయి. ఆకులు పాలిపోతూ, ఒక వైపు ఇంకా పచ్చగా ఉన్న చెట్టును ఎంచుకోండి. కొమ్మల అంచు కింద, నాలుగు వైపులా, జానెడు లోతు నుంచి పీచువేర్లతో సహా మట్టి తీయండి, మొత్తం ఒక కిలో. అక్కడే ఒక పీచువేరును గోటితో పట్టి లాగి చూడండి: పైతొక్క తొడుగులా ఊడిపోయి లోపలి దారం మిగిలితే ఫైటోఫ్తొరాను గట్టిగా అనుమానించాలి. లావు వేరును గీరితే బెరడు కింద కలప పొడిగా, గోధుమ–ఊదా రంగులో గట్టిగా ఉంటే ఫ్యుజేరియం వైపు అనుమానం. రెండూ కలిసి ఉండే తోటలూ ఉంటాయి.

మట్టీ వేర్లూ ఆరిపోకుండా పాలిథిన్ సంచిలో కట్టండి. ఆకులైతే కాగితంలోనే చుట్టాలి, పాలిథిన్‌లో వేస్తే రాత్రికి రాత్రే కుళ్ళిపోతాయి. ఎండలో బండి డిక్కీలో పెట్టి తేవద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టవద్దు. పాదులో చివరిసారి ఏ మందు, ఏ తేదీన పోశారో రాసివ్వండి. మెటలాక్సిల్ కొత్తగా పోసిన మట్టిలో రోగం ఉన్నా ఎరకు చిక్కకపోవచ్చు. అలాంటప్పుడు "లేదు" అని కాకుండా "దొరకలేదు" అనే రాస్తాం.

పాత రిపోర్టు తెస్తే మళ్లీ పరీక్షకు డబ్బు తీసుకోం. కొత్త నమూనాల ఫీజు పెంచడం లేదు గానీ, ఫలితానికి 5 రోజుల బదులు 8 రోజులు పడుతుంది. ఎర ముక్కల్ని రెండో రోజు, మూడో రోజు తప్పక చూడాలి కాబట్టి శుక్ర, శనివారాల్లో మట్టి నమూనాలు తీసుకోవడం లేదు.