గడీలను కాపాడండి: వారసత్వ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

గడీలను, అంటే ఊళ్లలో దొరలు కట్టించుకున్న కోటల్లాంటి పాత ఇండ్లను, వారసత్వ కట్టడాలుగా గుర్తించాలని అడిగితే తెలంగాణలో ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "దొరల ఇండ్లను మనమెందుకు కాపాడాలె?" ఆ మాట అనేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల తాతలు గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు, వెట్టి చేసినవాళ్లు. నేను అడుగుతున్నది కూడా ఆ తాతల కోసమే.

1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వచ్చిన జనం మీద దేశ్‌ముఖ్ (ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి) మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచాడు. ఈ సంగతి పిల్లలకు పుస్తకంలో చెప్పగలం. కానీ గడీ గోడ ఎంత ఎత్తుండేదో, బురుజు మీద నిలబడ్డవాడికి ఊరంతా ఎట్లా కనిపించేదో చూస్తే తప్ప, కర్రలు పట్టుకుని దానికి ఎదురుపోయిన వాళ్ల తెగువ అర్థం కాదు. పైగా గడీ కట్టించింది దొర కావచ్చు, కట్టింది మాత్రం ఊరే. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పట్టినవాళ్ల పేర్లు, టేకు దూలాలు చెక్కిన వడ్రంగుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

1949లో జాగీర్లు రద్దయ్యాక, తర్వాత భూసంస్కరణలూ రైతుకూలీ ఉద్యమాలూ వచ్చాక చాలామంది దొరలు పట్నం చేరారు. కొన్ని గడీల్లో బడులు, పోలీస్ స్టేషన్లు నడిచాయి. మిగతావి పాడుబడ్డాయి. ఇప్పుడు జరుగుతున్నది పాడుబడడం కూడా కాదు, ఊడదీసి అమ్ముకోవడం. ముందు తలుపులు పోతాయి, తర్వాత చెక్కిన స్తంభాలు, ఆఖరికి దూలాలు. దూలం తీసిన కప్పు ఎన్ని వానలకు ఆగుతుంది? అప్పుడు "శిథిలమైంది, ప్రమాదం" అంటూ జేసీబీని పిలుస్తారు.

చట్టం లేక కాదు. 1960 నాటి పాత చట్టం పోయి 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చిక్కంతా మధ్య కాలంలో ఉంది. ఈ కట్టడాన్ని గుర్తించండని దరఖాస్తు పెట్టిన రోజుకూ, నోటిఫికేషన్ వచ్చే రోజుకూ నడుమ దాన్ని పట్టించుకునేవారు ఉండరు. దరఖాస్తు పడిందని తెలిస్తే, సర్కారు గుంజుకుంటుందన్న టెన్షన్‌తో ఓనరే ముందుగా కూలగొట్టవచ్చు. అందుకే దరఖాస్తు అందిన రోజు నుంచే కూల్చివేతలు ఆగేలా ఉత్తర్వు ఇవ్వండి. ఆరు నెలల్లో ఏదో ఒకటి తేల్చాలని ఆ ఉత్తర్వులోనే రాయండి. ఫైలు తొక్కిపట్టి ఓనర్‌ను ఏళ్ల తరబడి ఇరికించడమూ అన్యాయమే కదా.

ఓనర్ల కష్టం నిజమైనదే. దోమకొండ కోటను యజమానుల కుటుంబమే బాగు చేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. అందరికీ ఆ స్తోమత ఉండదు. స్తోమత ఉన్నా, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. దొరికిన మేస్త్రీ సిమెంటు పూస్తాడు, దాంతో లోపలి తేమ బయటికి పోలేక పాత గోడ గుల్లవుతుంది. నోటిఫికేషన్ ఇచ్చి చేతులు దులుపుకోకుండా, మరమ్మతు ఎట్లా చేయాలో మీ ఇంజినీర్లు వచ్చి చెప్పాలి. ఆస్తి పన్నులో కొంత మినహాయింపు ఇచ్చినా ఓనర్లు దారికి వస్తారు.

గుర్తించిన గడీ ముందు బోర్డు పెట్టేటప్పుడు దొరల వంశవృక్షంతో సరిపెట్టకండి. ఆ గడపలో ఎవరెవరు ఏ వెట్టి చేశారో ఊరి ముసలివాళ్లను అడిగి, వాళ్లు బతికుండగానే రాయించండి. హెరిటేజ్ హోటల్ చేస్తామని ఎవరైనా వస్తే చేసుకోనివ్వండి, ఆ బోర్డు మాత్రం రిసెప్షన్ పక్కనే ఉండాలి.

వీటన్నిటికంటే ముందు జాబితా కావాలి. ప్రతి మండలంలో ఉన్న గడీల సర్వే నంబర్లు, హద్దులు, ఫొటోలు తహసీల్దార్ల ద్వారా తెప్పించండి. కొత్త బడ్జెట్ అక్కర్లేని పని ఇది. వచ్చే వానాకాలంలోపు ఆ జాబితాను జనం ముందు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
జనగామ జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు