దిండు కింద మర్చిపోయిన పుస్తకం

చిన్నీ,

దసరా సెలవులకి వచ్చి నువ్వు దిండు కింద వదిలేసి వెళ్ళిన ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ చదివేశాను. ఉన్న నాలుగు రోజులూ కళ్ళు ఉబ్బించుకుని తిరిగావు. ఏమైందే అంటే "ఏం లేదమ్మా, బుక్కు" అన్నావు. బుక్కుకి ఇంత ఏడుపేమిటని నాకు టెన్షన్ పట్టుకుంది. నా ఇంగ్లిష్ సంగతి తెలుసుగా, ఫోన్‌లో అర్థాలు వెతుక్కుంటూ పూర్తి చేసేసరికి రెండు వారాలు పట్టింది.

ఇద్దరికీ జబ్బు, మధ్యలో ప్రేమ అనగానే నాకు 1989లో వచ్చిన మన గీతాంజలి గుర్తొచ్చింది. కానీ ఆ ఊటీ మంచులో జబ్బు కూడా అందంగానే ఉంటుంది. ఇది అలా లేదు. హేజెల్‌కి థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. ముక్కుకి గొట్టం, వెనకాలే బండి మీద ఆక్సిజన్ సిలిండర్. అగస్టస్‌కి ఎముక క్యాన్సర్ వచ్చి కాలు తీసేశారు. చివర్లో వాడు అర్ధరాత్రి ఒక్కడే సిగరెట్ పెట్టె కొనుక్కుందామని పెట్రోల్ బంకుకి వెళ్ళి, ఒళ్ళంతా వాంతితో కార్లో ఇరుక్కుపోతాడు చూడు, అక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు వరండాలో తిరిగాను. ఇది రాసిన జాన్ గ్రీన్ ఒకప్పుడు పిల్లల ఆస్పత్రిలో, రోగుల ఇంటివాళ్ళ పక్కన కూర్చుని ధైర్యం చెప్పే పని చేశాడట. 16 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయిన ఎస్తర్ ఎర్ల్‌కి ఈ పుస్తకం అంకితమిచ్చాడు. చూసినవాడు కాబట్టే అలా రాశాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంట్లో ముద్దు పెట్టుకుంటే చుట్టూ జనం చప్పట్లు కొట్టడం మాత్రం నాకు నచ్చలేదు. నాజీలకి భయపడి ఆ ఇంట్లో దాక్కున్న పిల్ల పదిహేనేళ్ళకే పోయింది కదే! హేజెల్ ఆయాసపడుతూ ఆ నిటారు మెట్లు ఎక్కిందే, అది చాలు.

నీకు వాళ్ళిద్దరూ కనబడి ఉంటారు, హేజెల్ వాళ్ళమ్మ నాకొక్కదానికే కనబడిందనుకున్నాను. ఐసీయూలో పిల్ల పోతోందనుకుని "ఇక నేను అమ్మని కాను" అని ఏడుస్తుంది. ఆ మాట పిల్ల చెవిన పడుతుంది. తనొక గ్రెనేడ్‌ననీ, పేలితే అమ్మానాన్నా ముక్కలైపోతారనీ ఆ పిల్ల దిగులు. తీరా చూస్తే ఆవిడ చాటుగా సోషల్ వర్క్ చదువుతోంది. తను పోయాక బతుకు ఇప్పుడే చూసుకుంటోందని కూతురు నొచ్చుకుంటుందేమోనని దాచింది. అది తెలిశాక హేజెల్‌కి ఎంత సంతోషమో!

పుస్తకమంతా కొత్తదిలా ఉంది. ఆ ఒక్క పేజీకే మూల మడిచి ఉంది. ఎందుకు మడిచావో అడగను.

నేనూ నీకొకటి చెప్పలేదు. నువ్వు హాస్టల్‌కి వెళ్ళిన నెలలోనే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకి ఫీజు కట్టాను. నువ్వు వెళ్ళడం కోసమే కాచుకున్నాననుకుంటావేమోనని భయం. ఆదివారం ఫోన్ ఎత్తకపోతే గుడికెళ్ళానని చెబుతున్నాను కదా, గుడికి కాదు, క్లాసుకి. నీ ఇంటర్ బ్యాగే పట్టుకెళ్తున్నాను. జిప్పు పోయింది, పిన్నీసు పెట్టాను.

పుస్తకం బాబాయితో పంపుతున్నాను. మడత విప్పలేదు.

అమ్మ