సెలవుల్లో బంధువుల ఊరెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షలైపోయాయి, పేపర్లు దిద్దడం ఒక్కటే మాకు మిగిలింది. ఈ వారమంతా సాయంత్రం గేటు దగ్గర మీ అందరి నోటా ఒకటే మాట, టికెట్ కన్ఫర్మ్ అయిందా, వెయిటింగులోనే ఉందా అని. మన బరంపురం తెలుగువాళ్ల ఇళ్లలో వేసవి సెలవులంటే అంతే కదా, హైదరాబాద్‌లో బాబాయో, విశాఖలో మేనత్తో, ఖరగ్‌పూర్‌లో తాతగారి తమ్ముడో ఎవరో ఒకరుంటారు, వాళ్లింట్లో దిగి ఊరు చూసి వస్తాం. మంచిదే, వెళ్లి రండి. కాకపోతే పోయిన ఏడాది జరిగిందొకటి చెప్పాలి.

సెలవుల తరవాత ఆరో తరగతి పిల్లల చేత "నేను చూసిన ఊరు" అని రాయించాను. చాలా పేపర్లు ఒకేలా వచ్చాయి. హైదరాబాద్ వెళ్లాం, బాబాయి ఇంట్లో ఏసీ ఉంది, మాల్‌కి వెళ్లాం, పిజ్జా తిన్నాం, వచ్చేశాం. ఒక్క పిల్లాడు మాత్రం పేజీన్నర రాశాడు. విశాఖ స్టేషన్లో ఇంజన్ విప్పేసి వెనక పక్క తగిలించారట, బండి వచ్చిన వైపే కదిలేసరికి వీడు "అమ్మా, మళ్లీ బరంపురం పోతున్నామే" అని ఏడుపు లంకించుకున్నాడట, ఎదురు బెర్తు తాతగారు టీ కప్పు పక్కన పెట్టి టికెట్ వెనకాల పట్టాలు గీసి, ఇదిగో ఇలా వచ్చాం, ఇలా మలుపు తిరిగి దువ్వాడ వైపు పోతాం అని చూపించారట. చార్మినార్‌కి వాడు ఇచ్చింది రెండే లైన్లు. అయినా ఆ పేపర్ని స్టాఫ్‌రూమ్‌లో ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదివాం.

అందుకని నేనడిగేది ఒకటే. రోజుకి ఒక్క చోటు చాలు, అదైనా నింపాదిగా చూపించండి. కారు మాట్లాడుకుని పొద్దున్న గోల్కొండ, మధ్యాహ్నం జూ, సాయంత్రం ట్యాంక్‌బండ్ అని ఒక్క రోజులో తిప్పేస్తే పిల్లలకి గుర్తుండేది కారు సీటు ఒక్కటే. గోల్కొండకే వెళ్లారనుకోండి, ఫతే దర్వాజా కింద ఒకరు నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిసార్ దాకా వినిపిస్తుందంటారు, మీరు కింద ఉండి పిల్లల్ని పైకి పంపి నిజమో కాదో వాళ్లనే తేల్చమనండి. ఆ పూటకి అది చాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత గడియారం ఒకటుంది, గంట కావడానికి కాస్త ముందు చిన్న గడ్డపు బొమ్మ బయటికొచ్చి ఎంత టైమైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. దాని ముందు కుర్చీలు వేసి ఉంటాయి, ముసలీ ముతకా అందరూ నోరు తెరుచుకుని కూర్చుంటారు. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు!

నా తెలివితేటలు కూడా వినండి. ఆ గడియారం చూపిస్తానని మా అన్నయ్య పిల్లల్ని వెంటేసుకుని ఎర్రటెండలో వెళ్తే గేటుకి తాళం. శుక్రవారం సెలవుట. టీచర్ని అయ్యుండి ముందు కనుక్కోలేదు, ఆ పిల్లలు ఇప్పటికీ నన్ను ఆట పట్టిస్తారు. హైదరాబాద్ జూ, విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, కలకత్తాలో ఇండియన్ మ్యూజియం సోమవారం మూసేస్తారు. ఏదైనా బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

విశాఖ దాకానే వెళ్లేవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆ కురుసుర 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు సబ్‌మెరైన్, బొమ్మ కాదు. లోపల తల వంచుకుని నడవాలి, నావికులు పడుకున్న ఇరుకు బెర్తులు చూస్తే మన స్లీపర్ క్లాస్ రాజభోగం అనిపిస్తుంది. కలకత్తా వెళ్లేవాళ్లు హౌరా వంతెన మీద ఓసారి కాళ్లతో నడవండి. 1943లో తెరిచారు, నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. ఆ పక్కనే 2024 నుంచి హుగ్లీ నది కిందుగా మెట్రో నడుస్తోంది. నది పైన ఒకసారి, నది కింద ఒకసారి దాటించండి, దానికి పెద్ద ఖర్చేం కాదు.

ఇంకో సంగతి. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు, హిందీ చదువుతారు. ఇచ్ఛాపురం రాగానే స్టేషన్ బోర్డులు తెలుగులోకి మారతాయి, అక్కణ్ణించి పలాస, విజయనగరం వాళ్ల చేతే చదివించండి. హైదరాబాద్ మెట్రోలో కూడా తెలుగు బోర్డులుంటాయి, మియాపూర్ ఏ లైను, రాయదుర్గం ఏ లైను, అమీర్‌పేటలో ఎటు మారాలి అన్నది వాళ్లకే వదిలెయ్యండి, ఓసారి తప్పు రైలెక్కినా కొంపలేం మునగవు. అక్కడి కజిన్స్ మనవాళ్ల మాట యాసగా ఉందని నవ్వుతారు, ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు నాతో చెప్పుకుని బాధపడతారు. ఆ నవ్వేవాళ్లలో చాలామందికి తెలుగు బోర్డు చదవడం రాదు. తిరిగి వెక్కిరించమని అనట్లేదు, మన పిల్లలకి ఆ సంగతి తెలిసుంటే చాలు.

బంధువుల గురించి పెద్దవాళ్లు మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, చెప్పేస్తున్నా. అక్కడ ఇద్దరూ ఉద్యోగాలకి పరిగెత్తేవాళ్లు, రెండు గదుల ఇల్లు. నాలుగు రోజులు ముద్దు, పదో రోజుకి వాళ్లూ మనుషులే. మన ఊరి అప్పడాలు, వడియాలు ఓ సంచీడు పట్టుకెళ్లండి, ఒకపూట వంట మీరు చెయ్యండి, పిల్లల చేత కంచాలు తీయించండి.

టికెట్లు ఇంకా తీయనివాళ్లుంటే, రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపటిలా 120 కాదు. అయిదేళ్లు నిండిన పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే చూసుకోండి, "టికెట్ దొరకలేదు మేడమ్" అని బడి తెరిచాక వారం రోజులు ఫోన్లు చేస్తారు, ఈసారి ఆ ఫోన్లు ఎత్తను.

వాడేసిన మెట్రో టికెట్టో, మ్యూజియం టికెట్టో ఒకటి దాచి తెమ్మనండి, క్లాసు గోడకి అంటిద్దాం. అన్నట్టు, లైబ్రరీ పుస్తకాలు పదకొండు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. రైలెక్కే లోపు పంపించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు